గంట నిలవని పరిమళం, మూడోవంతు చెప్పిన ధర

ఈ ఉత్తరం రాసిన ఆవిడకు 43 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నారు, ఇద్దరు పిల్లలు. పేరు వేయవద్దని కోరారు. ఎనిమిది పేజీల ఉత్తరంలో మొదటి రెండు పేజీలూ ఒక వాసన గురించే. ఆఫీసు పని మీద ఊరెళ్లి తిరిగి వస్తుండగా విమానం ఆలస్యమైందట. కాలక్షేపానికి అక్కడి పర్ఫ్యూమ్ దుకాణంలోకి వెళ్లారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి సన్నటి కాగితం పట్టీ మీద ఏదో చల్లి, గాలిలో రెండుసార్లు ఊపి చేతికిచ్చింది. "అప్పుడే కోసిన నారింజను గోటితో గిచ్చినట్టు, దాని వెనకే ఆకు నలిపినట్టు, ఆ వెనక ఎక్కడో వాన వెలిసిన గాలి వీచినట్టు" అనిపించిందని రాశారు. ధర విని పట్టీతో సహా బయటికి వచ్చేశారు. విమానం ఎక్కే గేటు దగ్గర కూర్చుని పట్టీని మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. లేచి వెనక్కి నడిచి, ఆ ఏడాది వచ్చిన బోనస్‌లోంచి సీసా కొనేశారు. ఒక్క వస్తువు మీద, అదీ తన కోసమే, అంత డబ్బు పెట్టడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారట.

ఇంటికి వచ్చాక మూడో రోజుకే అనుమానం మొదలైంది. పొద్దున ఎనిమిదిన్నరకు చల్లుకుంటే తొమ్మిదింబావుకల్లా ఆ నారింజ లేదు. పదింటికి మిగిలేది "ఉతికి ఆరేసిన బట్టల వాసనలాంటిది ఏదో", అది కూడా మణికట్టును ముక్కుకు ఆనిస్తేనే. దాంతో చిన్న స్ప్రే సీసాలో కొంత నింపుకుని ఆఫీసుకు పట్టుకెళ్లసాగారు. రోజుకు ఐదు విడతలు, విడతకు నాలుగుసార్లు. పక్క సీటులో కూర్చునే చిన్నావిడ రెండు వారాలు ఓర్చుకుని, చివరికి "అక్కా, ఏమీ అనుకోకండి, మధ్యాహ్నానికి నాకు తల పగిలిపోతోంది" అన్నది. ఈలోగా ఎడమ చెవి కింద నుంచి మెడ మీదికి గోధుమరంగు చార ఒకటి, నీటిబొట్టు జారినట్టుగా తేలింది.

అసలు చిక్కు వేరే ఉంది. సీసా చూసి "ఎంతకు కొన్నావు?" అని భర్త అడిగితే, ఆవిడ నోటి నుంచి అసలు ధరలో మూడోవంతు బయటికి వచ్చింది. ఆయన నిజంగానే ముచ్చటపడి, "ఇంత మంచి సెంటు ఇంత తక్కువకే వచ్చింది" అని ఫోనులో చెల్లెలికి చెప్పారు. ఆడపడుచు తనకొకటి, కూతురికొకటి తెప్పించమని కోరి, ఆ మూడోవంతు లెక్కన రెండు సీసాల డబ్బు పంపేసింది. "డబ్బు నా ఖాతాలో పడి పదకొండు రోజులైంది. బిల్లు సీసా అట్టపెట్టెలోనే ఉంది, ఆ పెట్టె దుప్పట్ల కింద ఉంది. సీసా మాత్రం కిటికీ గట్టు మీద పెట్టాను, లేత ఆకుపచ్చ గాజులోంచి వెలుతురు వస్తుంటే చూడటానికి బాగుంటుంది. నేను మోసపోయానా? అది నకిలీ సరుకా? అమ్మేయనా? నిజం చెబితే మావారు ‘గంటలో ఆవిరయ్యేదానికా ఇంత డబ్బు?’ అంటారు. నాకూ అదే అనిపిస్తోంది. కానీ ఆ మొదటి పది నిమిషాలు మాత్రం వదులుకోలేను" అని ముగించారు.

అమ్మా, మీరు చివర రాసిన ఆ ఒక్క వాక్యంలోనే మీ సెంటు గుణమూ దోషమూ రెండూ ఉన్నాయి. ముందు దాని సంగతి చూసి, తర్వాత మీ ఆడపడుచు దగ్గరికి వద్దాం.

మీరు మోసపోలేదు. బిల్లు తీసుకుని దుకాణంలోనే కొన్నారు, అక్కడ పట్టీ మీద చూసిన వాసనే ఇంట్లోనూ వస్తోందని రాశారు. అలాంటప్పుడు నకిలీ అనుకోవడానికి కారణం కనిపించడం లేదు. నిమ్మజాతి పరిమళం గంటలో తగ్గిపోవడం సీసాలో లోపం కాదు, ఆ జాతి స్వభావమే అంత. నారింజ తొక్కను వెలుగుతున్న కొవ్వొత్తి పక్కన మడిచి నొక్కి చూడండి. తొక్కలోంచి కంటికి కనిపించని తుంపర ఎగిరి, మంటలో చిటపటమని రవ్వలు లేస్తాయి. ఆ తుంపరే నారింజ నూనె. దానిలో నూటికి తొంభై పాళ్లకు పైగా లిమొనిన్ అనే ఒకే పదార్థం. పది కార్బన్, పదహారు హైడ్రోజన్ పరమాణువులతో కూడిన చిన్న అణువు అది. చిన్నది, తేలికైనది కనుక చర్మం వెచ్చదనం తగలగానే లేచిపోతుంది. అలా లేచిపోవడం వల్లే అది మీ ముక్కుకు చేరుతోంది, అంత తాజాగా, అంత చురుగ్గా ఉంటోంది. కస్తూరి, చందనం తరహా అణువులు బరువైనవి. అవి చర్మాన్ని పట్టుకుని కూర్చుంటాయి, కాబట్టి రాత్రిదాకా ఉంటాయి. కానీ వాటికి ఆ గోటితో గిచ్చిన చురుకు రాదు. మిమ్మల్ని గేటు దగ్గర నుంచి వెనక్కి నడిపించిన గుణమే తొమ్మిదింబావుకు మాయమవుతున్న గుణం. ఒకటి ఉంచుకుని రెండోది తీసేయడం ఎంత పెద్ద కంపెనీకైనా చేతకాదు.

కాగితం పట్టీ కూడా మిమ్మల్ని కొంత తప్పుదారి పట్టించింది. కాగితానికి ఒంటి వేడి లేదు, చెమట లేదు. పైగా మీరున్నది చల్లగా ఏసీ వేసిన చోట. అక్కడ అరగంట నిలిచిన నారింజ, ఎండాకాలం పొద్దున మీ మెడ మీద పావుగంటకే సగమవుతుంది. ఇందులో చిన్న విడ్డూరం ఉంది. వేసవి కోసమని చేసిన పరిమళాన్ని వేసవే అందరికంటే త్వరగా ఖర్చు చేసేస్తుంది. ఇకముందు ఏ సెంటు కొనాలనుకున్నా మణికట్టు మీద ఒక్కసారి చల్లించుకుని, దుకాణంలోంచి బయటికి వచ్చి, ఎండలో కాసేపు తిరిగి, రెండు గంటల తర్వాత మిగిలిన వాసన నచ్చితేనే కొనండి. ఆ రెండో గంట వాసనతోనే మీరు రోజంతా ఉండాలి.

మరి అంత ధర ఎందుకు? నిజం చెప్పాలంటే అందులో పెద్ద భాగం గాజుకు, మూతకు, పేరుకు, ప్రకటనలకు పోతుంది. నారింజ నూనె సుగంధ సరుకుల్లో చౌకబారుదే, పండ్లరసం తీసే చోట ఉపఉత్పత్తిగా వచ్చేస్తుంది. కానీ మీరు వర్ణించినది నారింజ ఒక్కటే కాదు. "ఆకు నలిపినట్టు" అన్నారే, అది బహుశా పెటిగ్రెన్. చేదు నారింజ చెట్టు ఆకుల్నీ లేత కొమ్మల్నీ ఆవిరి పట్టి తీస్తారు. అదే చెట్టు పూల నుంచి నెరోలి, అదే చెట్టు కాయ తొక్క నుంచి ఇంకో నూనె వస్తాయి. ఒక్క చెట్టు మూడు రకాల సరుకు ఇస్తుంది. వాటిలో నెరోలి కిలో కావాలంటే దాదాపు వెయ్యి కిలోల పూలు పడతాయి. దక్షిణ ఇటలీలోని కలాబ్రియా తీరంలో ఎక్కువగా పండే బెర్గమోట్ అనే నిమ్మజాతి కాయ నూనె కూడా ఇలాంటి సెంట్లలో తరచూ ఉంటుంది. ఎర్ల్ గ్రే టీకి ఆ వాసన ఇచ్చేది అదే. కాబట్టి మీ డబ్బంతా గాజులోకే పోలేదు. అలాగని మొత్తం పూలలోకి వెళ్లిందనీ అనుకోకండి.

ఇంకొక సంగతి మీకు కొంత ఊరట ఇస్తుంది. ఈ రకం పరిమళాలు ఎప్పుడూ రోజంతా నిలవడానికి పుట్టలేదు. 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా అనే ఇటలీ కుటుంబం వ్యాపారం మొదలుపెట్టి, నిమ్మజాతి నూనెలతో తేలికైన సుగంధ జలం అమ్మింది. ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది, ఓ డి కొలోన్ అంటే కొలోన్ నీళ్లు. దాన్ని బొట్టు బొట్టుగా దాచుకుని వాడేవారు కాదు. దోసిట్లో పోసుకుని ముఖానికీ మెడకీ రాసుకునేవారు, ఆరిపోతే మళ్లీ రాసుకునేవారు. నెపోలియన్ నెలకు పదుల సీసాలు ఖర్చు చేసేవాడని చెబుతారు. అంటే మళ్లీ మళ్లీ చల్లుకోవాలనిపించడం మీ బలహీనత కాదు, ఆ సరుకును వాడే అసలు పద్ధతే అది. తేడా ఎక్కడ వచ్చిందంటే, నీళ్లలా వాడాల్సినదాన్ని ఇప్పుడు నగలా దాచుకోవాల్సిన ధరకు అమ్ముతున్నారు. మీ తిప్పలన్నీ ఆ రెండింటి మధ్య నుంచే పుట్టాయి.

నిలిచేలా చేసే ప్రయత్నాలు జరగకపోలేదు. 1966లో డియోర్ సంస్థకు ఎడ్మండ్ రుద్నిట్స్కా చేసిన ‘ఓ సోవాజ్’ అనే సెంటులో, జాజిపూల వాసనకు దగ్గరి చుట్టమైన హెడియోన్ అనే పదార్థాన్ని నిమ్మతో కలిపారు. నిమ్మ వెళ్లిపోయాక కూడా ఆ గాలి, ఆ వెలుగు కొంతసేపు ఉన్నట్టే అనిపించేలా చేసిన కిటుకు అది. ఆ తర్వాత ఎందరో అదే దారి పట్టారు. అందుకే దుకాణంలో మీకు ఎవరైనా "ఇది ఓ డి టాయిలెట్, ఇదే ఓ డి పర్ఫ్యూమ్ రకంలో కూడా దొరుకుతుంది, అది నిలుస్తుంది" అని చెబితే కాస్త ఆగండి. మొదటిదానిలో సుగంధ ద్రవ్యం సుమారు 5 నుంచి 15 శాతం, రెండోదానిలో 15 నుంచి 20 శాతం ఉంటుందనడం మామూలే. కానీ పెంచినది చాలావరకు కింద కూర్చునే కస్తూరీ, కలపా. నారింజ మాత్రం తన దారిన తాను వెళ్లిపోతుంది. ఎనిమిది గంటలు నిలిచిందని మీరు సంతోషించేది నారింజ గురించి కాదు, దాని స్థానంలో మిగిలిన ఆ బట్టల సబ్బు వాసన గురించి. అది నచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. మీ ఉత్తరం చూస్తే మీరు వాళ్లలో ఒకరు కారనిపిస్తోంది.

ఇప్పుడు ఆ ఐదు విడతల సంగతి. మీరు వాసన కోసమే చల్లుకుంటున్నారని నాకు అనిపించలేదు. ఉత్తరంలో మూడుచోట్ల "అంత డబ్బు పెట్టి" అన్నారు, ప్రతిసారీ ఆ మాట వెంటనే మళ్లీ చల్లుకోవడం గురించి ఉంది. డబ్బు వృథా కాలేదని మీకు మీరు రుజువు చేసుకోవాలంటే వాసన రావాలి. ముక్కుకు రాకపోతే చల్లుకుంటారు. చల్లుకున్నకొద్దీ సీసా తరుగుతుంది, తరిగినకొద్దీ వృథా అవుతోందన్న దిగులు పెరుగుతుంది. లెక్క వేద్దాం. ఒక్కసారి నొక్కితే సుమారు 0.1 మిల్లీలీటరు. మీ 100 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు వెయ్యిసార్లు నొక్కేంత ఉంటుంది. రోజుకు ఇరవైసార్లు అయితే యాభై రోజులు. పొద్దున నాలుగుసార్లతో సరిపెడితే రెండువందల యాభై రోజులు. మొత్తంలో మీకు దక్కే "మొదటి పది నిమిషాలు" మొదటి లెక్కలోనూ రెండోదానిలోనూ అన్నేసార్లు కదా, తేడా ఏముంది అనుకోకండి. ఆరో గంటలో, ఫైళ్ల మధ్య, తలెత్తకుండా చల్లుకున్న పది నిమిషాలకూ, పొద్దున స్నానం చేసి, అద్దం ముందు నిలబడి చల్లుకున్న పది నిమిషాలకూ పోలికేమిటి?

పక్క సీటావిడ తలనొప్పి ఇక్కడే కలుస్తుంది. ఒకే వాసనను ముక్కు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. ఇది అందరి ముక్కులకూ ఉన్న గుణం. సొంత ఇంటి వాసన మనకు తెలియదు, వచ్చిన చుట్టానికి గుమ్మంలోనే తెలుస్తుంది. మీకు "అసలేమీ రావడం లేదు" అనిపించిన పదకొండు గంటలకు కూడా ఆమెకు మీ నుంచి వస్తూనే ఉంది. నారింజ పోయి ఉండవచ్చు, కింద మిగిలే కస్తూరి మాత్రం విడత మీద విడత పేరుకుపోయి ఉంటుంది. మీరు వెతుకుతున్నది ఒకటి, ఆమెకు చేరుతున్నది వేరొకటి. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకు ఇలాంటివి నిజంగానే నొప్పిని రేపుతాయి, ఆమె నాజూకు పోవడం లేదు. రెండు వారాలు ఓర్చుకున్నాకగానీ చెప్పలేదంటే, ఆ మాట అనడానికి ఎంత మొహమాటపడి ఉంటుందో మీరే ఊహించండి.

ఆఫీసులో చల్లుకోవడం పూర్తిగా మానేయడం ఒక దారి. ఆమెతో మీ స్నేహం నిలుస్తుంది, సీసా నిలుస్తుంది, పగలు మీకు ఏ వాసనా ఉండదు. చేతిరుమాలు దారి ఇంకొకటి. ఉదయం బయలుదేరేముందు రుమాలు మీద రెండుసార్లు చల్లి, మడిచి, మూత బిగించే చిన్న డబ్బాలో పెట్టుకోండి. బట్ట మీద వేడి తగలదు కనుక నారింజ ఎక్కువసేపు ఉంటుంది. మధ్యాహ్నం బయటికి నడిచినప్పుడు డబ్బా తెరిచి మీరొక్కరే చూసుకోవచ్చు. లేత రంగు బట్ట అయితే మరక పడుతుందేమో ముందు ఓ మూల చూసుకోండి, కొన్ని సెంట్లకు రంగు ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చి, స్నానం చేసి అప్పుడు చల్లుకోవడం మూడో దారి, మనస్సాక్షిగా చెబితే నాకు నచ్చేది ఇదే. సెంటు బయటికి వెళ్లేటప్పుడు ఇతరుల కోసం కొట్టుకునేదని ఎవరు రాసిపెట్టారు? గంటసేపు ఉండే వస్తువుకు, మీది అనిపించే గంట కంటే మంచి సమయం లేదు. అయితే ఆఫీసులో మెచ్చుకోళ్లు ఉండవు, అదొక్కటే నష్టం. మెచ్చుకోళ్లు కూడా కావాలనుకుంటే ఆ మాట నిజాయితీగా ఒప్పుకోండి, తప్పేమీ లేదు. అప్పుడు వారానికి ఒకటి రెండు రోజులు, పొద్దున ఇంట్లోనే ఒకే ఒక్క విడత, అదీ ఆమెను ఒకసారి అడిగి.

మెడ మీది చారను మాత్రం వాయిదా వేయవద్దు. బెర్గమోట్ తొక్కను పిండి తీసిన నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అక్కడ కమిలి, తర్వాత గోధుమరంగు మచ్చ మిగులుతుంది. సెంటు జారిన దారి ఎలా ఉంటే మచ్చ అలా ఉంటుంది, మీరు రాసిన నీటిబొట్టు ఆకారం అలాంటిదే. కొలోన్ వాడినవాళ్లకు ఇలా మచ్చలు రావడం గురించి 1916లోనే ఒక వైద్యుడు రాశారు. ఆ తర్వాతి కాలంలో తయారీదార్లు బెర్గాప్టెన్ తీసేసిన నూనె వాడటమో, పాళ్లు బాగా తగ్గించడమో చేస్తున్నారు. కనుక ఇప్పటి సెంట్లతో ఇది అరుదు. గాలి తగిలి పాతబడిన లిమొనిన్ వల్ల కొందరికి దద్దుర్లు, దురద వచ్చి, ఆ తర్వాత రంగు మిగలడం కూడా ఉంది. మీది ఏదో నేను ఉత్తరంలో చూసి చెప్పలేను. చర్మవైద్యులకు చూపించండి, వెళ్లేటప్పుడు సీసాను గానీ, అట్టపెట్టె మీది పదార్థాల పట్టీని గానీ వెంట తీసుకెళ్లండి. అంతవరకు మెడకు, చెవుల వెనక చల్లుకోవద్దు. ఎండ పడే చోట అసలే వద్దు. తర్వాత కూడా బట్ట కప్పి ఉంచే చోటికి మార్చుకోవడం మేలు. వైద్యులు ఆ సెంటే కారణం, మానేయమంటే, పైన రాసిన దారులన్నీ అక్కడితో సరి. రుమాలు ఒక్కటే మిగులుతుంది, దానికీ ఆయన్ను అడగాలి.

ఇక ధర. మీరు ఎనిమిది పేజీల్లో దీనికి ఇచ్చింది ఒకటిన్నర పేజీ, నాకు మాత్రం చదువుతున్నంతసేపూ ఇదే కనిపించింది.

మీరు తోచక పెట్టుకున్న ఆలోచనల్లో ఒకటి, మీ చేతి డబ్బు వేసి రెండు సీసాలు తెప్పించి ఆడపడుచుకు ఇచ్చేయడం. ఇది గౌరవంగా కనిపిస్తుంది గానీ లెక్క చూడండి. ఒక సీసా ధర మూడు పాళ్లు అనుకుందాం. రెండు సీసాలకు ఆరు పాళ్లు. ఆమె పంపింది రెండు పాళ్లు. మీ చేతి నుంచి నాలుగు. మీరు కొన్నదానికి మూడు ముందే ఇచ్చారు. అంటే మీ ఒక్క సీసా కోసం ఏడు పాళ్లు కట్టినట్టు. పైగా వచ్చే వేసవికి ఆ సీసాలు అయిపోతాయి. "వదినా, మళ్లీ అదే ధరకు" అని ఫోను వస్తుంది. ఆవిడ కూతురు స్నేహితురాళ్లకు చెప్పి ఉంటుంది.

రెండో ఆలోచన, "సరుకు లేదట" అని డబ్బు తిప్పి పంపడం. ఇది ఈ వారానికి పనిచేస్తుంది. ఏ ఆదివారమో ఆ పిల్లే ఫోనులో పేరు కొట్టి ధర చూసేదాకా పనిచేస్తుంది. ఈ రోజుల్లో అది అర నిమిషం పని. అప్పుడు వాళ్లకు తెలిసేది ధర ఒక్కటే కాదు, పదకొండు రోజులు మీరు దాచారనీ, రెండోసారి ఇంకొకటి అల్లారనీ తెలుస్తుంది. చౌకగా అదే వాసనలాంటిది దొరుకుతుంది, అది వేరే సీసాలో పోసి ఇస్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. దయచేసి అది చేయవద్దు. అలాంటివి దొరుకుతాయి, కొన్ని నిజంగా బాగుంటాయి కూడా. అది ఫలానా అని చెప్పి ఇస్తే ముచ్చటైన కానుక, చెప్పకుండా ఇస్తే మరో పేరుతో పిలవాల్సి వస్తుంది.

మూడోది, మీవారికి చెప్పడం. మీరు దీన్ని ఆఖరున, ఒక్క వాక్యంలో రాసి, పక్కనే ఆయన ఏమంటారో కూడా రాసేశారు. అనవచ్చు. ఒకటి రెండు రోజులు సాగదీయవచ్చు, పెళ్లిళ్లలో తలచుకుని వేళాకోళం చేయవచ్చు. కానీ ఉత్తరంలో ఆయన గురించి మీరు రాసినదంతా కలిపి చదివితే ఆ సీసాను చూసి సంతోషించి, చెల్లెలికి గొప్పగా చెప్పుకున్న మనిషి కనిపిస్తున్నారు. ధర తక్కువని కాదు, మీరు బాగున్నారని మురిసినట్టుంది. బోనస్ మీది, ఇంటి ఖర్చులో కోత పెట్టలేదని రాశారు. ఇంటి వాయిదాల డబ్బులోంచి తీసి ఉంటే నా సలహా ఇంకోలా ఉండేది. ఇక్కడ ఆయన అభ్యంతరపెట్టగలిగింది డబ్బు గురించి కాదు, తనకు అబద్ధం చెప్పడం గురించి. అందుకే మాట కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. "మొన్న ధర తక్కువ చేసి చెప్పాను, అసలు ధర దానికి మూడింతలు. నా కోసం అంత పెట్టానని చెప్పడానికి సిగ్గేసింది" అంటే చాలు. దాని వెంట నెరోలి కథ, పూల లెక్క చెప్పి సమర్థించుకోకండి. "గంటలో ఆవిరయ్యేదానికా?" అని ఆయన అంటే, "అవును, గంటలో ఆవిరయ్యేదానికే" అనండి. అది నిజం కదా.

ఆయనకు చెప్పకుండా ఆడపడుచుకు మాత్రమే చెప్పుకుని, "మీ అన్నయ్యతో అనకండి" అనే దారి కూడా ఉంది. కొందరు వదినామరదళ్ల మధ్య అది చెల్లుతుంది. మీ ఇద్దరూ అంత దగ్గరో కాదో మీకే తెలియాలి. దాని ఇబ్బంది ఏమిటంటే, ఇప్పటిదాకా మీ ఒక్కరి దగ్గర ఉన్న రహస్యం ఆమె చేతికి వెళ్తుంది. ఆమె మంచిదే కావచ్చు, అన్నకు తెలియని సంగతి తనకు తెలుసన్న బరువు ఆమెకు ఎందుకు?

ఆమె డబ్బు మాత్రం ఏ దారి పట్టినా ముందు తిప్పి పంపేయండి, ఇవాళే. పంపుతూ ధర తప్పు చెప్పానని ఒక్క ముక్క రాయండి. దాంతోపాటు ఇది గంట కంటే నిలవదన్న సంగతీ చెప్పండి, అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. అసలు ధరకు, గంటసేపటి వాసనకు ఆమె కూడా సిద్ధపడితే కొనుక్కుంటుంది, లేదంటే లేదు. మీ చిన్న స్ప్రే సీసా ఇప్పుడు ఆఫీసుకు పనికిరాదు కనుక, దాన్ని కడిగి ఆరబెట్టి, కొంచెం నింపి ఆమెకు పంపవచ్చు. రెండు రోజులు వాడి చూసుకుంటే ఆమెకే తెలుస్తుంది. రెండు సీసాలు కొనాలన్న ఉత్సాహం అక్కడే చల్లారినా నాకు ఆశ్చర్యం లేదు.

అమ్మేయాలా అన్నారు. సగానికి దగ్గరైన సీసాకు పెద్దగా రాదు, మీ మనసులో "అంత డబ్బు" అన్న మాట అలాగే ఉంటుంది, పది నిమిషాలు మాత్రం పోతాయి. వైద్యులు వద్దంటే తప్ప నేనైతే అమ్మను. అలాగని దాచకండి కూడా. నా దగ్గర ఒకప్పుడు ఇలాంటి సీసా ఒకటి ఉండేది, ఎవరో ప్రేమగా ఇచ్చినది. మంచి రోజు కోసమని దాచి దాచి మూడో ఏడు తెరిస్తే రంగుల డబ్బా దగ్గర వచ్చే టర్పెంటైన్ వాసన వచ్చింది. నిమ్మజాతి నూనెలు గాలికీ, వేడికీ, వెలుతురుకీ అందరికంటే ముందు పాడవుతాయి, సీసా ఖాళీ అవుతున్నకొద్దీ లోపల గాలి పెరిగి ఇంకా త్వరగా పాడవుతాయి. ఈ వేసవిలోనే, మీకు నచ్చిన వేళల్లో, లెక్కపెట్టకుండా వాడి పూర్తి చేయండి.

అయితే కిటికీ గట్టు మీద అది నిలవదు. ఆకుపచ్చ గాజులోంచి వచ్చే ఆ వెలుతురే దాన్ని తినేస్తోంది. చీకటిగా, చల్లగా ఉండే అల్మరాలో, దాని అట్టపెట్టెలోనే పెట్టాలి. ఆ పెట్టె ఇప్పుడు దుప్పట్ల కింద, బిల్లుతో సహా ఉందన్నారు. మీవారు ఇంట్లో ఉన్నప్పుడే తీయండి.